కరెంటు పోయినా మీటింగ్ ఆగకూడదంటే

ప్రశ్న: మాది పలాస. హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తున్నాను. ఇంట్లో పాత ఇన్వర్టర్ ఒకటి ఉంది. కరెంటు పోతే ఫ్యాను, లైటు ఆగవు, ల్యాప్‌టాప్ కూడా బాగానే నడుస్తుంది, కానీ మీటింగ్ మాత్రం కట్ అయిపోతుంది. మళ్లీ కలిసేసరికి మూడు నాలుగు నిమిషాలు పడుతోంది. రోజుకి రెండు మూడుసార్లు ఇదే టెన్షన్. దుకాణంలో అడిగితే రెండు బ్యాటరీల పెద్ద ఇన్వర్టర్ పెట్టుకోండి, 45 వేలవుతుంది అన్నారు. పెట్టమంటారా?
– ఒక పాఠకురాలు, పలాస

జవాబు: ఇప్పుడే వద్దండీ. 45 వేలు పెట్టాక కూడా మీ మీటింగ్ కట్ అవుతూనే ఉండొచ్చు. మీరు రాసినదాన్ని బట్టి బ్యాటరీ చాలకపోవడం మీ సమస్య కాదు. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో వైఫై పెట్టె ఆగిపోయి మళ్లీ మొదటి నుంచి మొదలవుతోంది. ల్యాప్‌టాప్‌కి సొంత బ్యాటరీ ఉంది కాబట్టి దానికి ఏమీ కాదు. ఈసారి కరెంటు పోయినప్పుడు ఆ పెట్టె ముందు నిలబడి చూడండి. లైట్లన్నీ ఒక్కసారిగా ఆరి, ముందు పవర్ లైటు వచ్చి, పాన్ (PON) అని రాసిన చోట పచ్చ లైటు కాసేపు కొట్టుకుని కొట్టుకుని నిలకడగా వెలిగాక గానీ ఇంటర్నెట్ లైటు రాదు. మీ మూడు నాలుగు నిమిషాలు పోతున్నది అక్కడే.

దీనికి రౌటర్ కోసమే అమ్మే చిన్న యూపీఎస్ చాలు, అరచేతిలో పట్టేంత ఉంటుంది, వెయ్యి రెండు వేలలో వస్తుంది. కొనేముందు మీ పెట్టె అడాప్టర్ మీద రాసి ఉన్నది చదవండి. చాలావాటికి 12 ఓల్టులు ఉంటుంది, పక్కనే 1 యాంపియరో, ఒకటిన్నరో, 2 యాంపియర్లో అని కూడా ఉంటుంది. ఓల్టులు సరిగ్గా అంతే ఉండాలి, యాంపియర్లు అంతో అంతకంటే ఎక్కువో ఉండాలి, పిన్ను కూడా పట్టాలి. 12 ఓల్టుల పెట్టెకి 9 ఓల్టుల యూపీఎస్ అంటగట్టించుకుని వాపసు తిరిగినవాళ్లు ఉన్నారు. ఫైబర్ పెట్టె వేరు, వైఫై రౌటర్ వేరు అయితే రెండింటికీ సరఫరా ఇచ్చేది తీసుకోండి.

ఇది పెట్టాక కూడా కరెంటు పోగానే నెట్ పోయి, పెట్టె మీద ఎల్‌ఓఎస్ (LOS, సిగ్నల్ రావట్లేదని చెప్పేది) దగ్గర ఎర్ర లైటు వెలిగిందంటే ఇక మీ ఇంట్లో ఏం మార్చినా లాభం లేదు. తేడా బయట ఉంది. ఫైబర్ తీగకి దారిలో కరెంటు అక్కర్లేదు గానీ ఆపరేటర్ గదిలో మెషీన్లకి కావాలి. మామూలు ల్యాన్ వైరుతో కనెక్షన్ ఇచ్చిన చోటైతే స్తంభం మీది స్విచ్ పెట్టెకి కూడా కరెంటు కావాలి. ఆపరేటర్‌ని ఒకే ఒక్క మాట అడగండి: "కరెంటు పోతే మీ దగ్గర ఎంతసేపు నిలుస్తుంది?" సరైన జవాబు రాకపోతే వేరే కంపెనీ సిమ్ ఒకటి ఫోన్లో వేసి సిద్ధంగా ఉంచుకోండి.

ఇక ఇన్వర్టర్ సంగతి. మీది పాతది అంటున్నారు, కరెంటు పోయినప్పుడు ఫ్యాను గుయ్యిమని మోగుతోందా? మోగితే అది బహుశా స్క్వేర్ వేవ్‌ది, అంటే కరెంటుని నునుపుగా కాక మెట్లు మెట్లుగా ఇచ్చే రకం. మార్చే రోజు వచ్చినప్పుడు లైను కరెంటులా నునుపుగా ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ తప్ప ఇంకోటి తీసుకోకండి. బ్యాటరీ ఎంత కావాలో దుకాణదారు కాదు, మీరే లెక్క వేసుకోవాలి. 12 ఓల్టుల 150 యాంపియర్ అవర్ బ్యాటరీ అంటే కాగితం మీద 1800 వాట్ అవర్లు. దాన్ని పూర్తిగా ఖాళీ చేస్తే తొందరగా పాడవుతుంది, ఇన్వర్టర్ కొంత తినేస్తుంది, కాబట్టి చేతికి వచ్చేది దాదాపు 1000. అంటే మన కరెంటు బిల్లులో ఒక్క యూనిట్. ల్యాప్‌టాప్‌కి 65, మానిటర్‌కి 25, నెట్ పెట్టెకి 10, మామూలు ఫ్యానుకి 75, ట్యూబులైటుకి 20 వేసుకుంటే 195 వాట్లు, అంటే కొత్త బ్యాటరీ ఒక్కటే 5 గంటలు లాగుతుంది. ఫ్యాను ఒక్కటి బీఎల్‌డీసీది (తక్కువ కరెంటుతో తిరిగే మోటారు ఉన్నది) పెట్టుకుంటే 75 కాస్తా 30 అవుతుంది, ఇంకో గంటన్నర కలిసొస్తుంది. రెండో బ్యాటరీకి పెట్టే డబ్బులో ఇలాంటి ఫ్యాన్లు మూడు నాలుగు వస్తాయి, నా ఓటు దానికే.

ఇన్వర్టర్ వెనక యూపీఎస్ అనే మీట ఉంటే ఒకసారి అటు వేసి చూడండి, మారే సమయం బాగా తగ్గుతుంది. కాకపోతే ఆ మీట మీద ఉన్నప్పుడు ఓల్టేజీ 180కి దిగితే చాలు, కరెంటు ఉన్నా బ్యాటరీ మీదకి వెళ్లిపోతుంది. వేసవి సాయంత్రాల్లో మీ వైపు ఓల్టేజీ పడిపోతుంటే బ్యాటరీ ఊరికే అరిగిపోతుంది, మామూలు మీట మీదే ఉంచి రౌటర్‌ని చిన్న యూపీఎస్‌కి వదిలేయండి.

వైరింగ్ కూడా చూపించండి. మా ఇంట్లో ఎలక్ట్రీషియన్ తెలియక ఫ్రిజ్ ప్లగ్గు కూడా ఇన్వర్టర్ లైనులో కలిపేశాడు. కరెంటు పోయిన కాసేపటికి కంప్రెసర్ మొదలవడం, ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ అని కేకపెట్టి ఆగిపోవడం. బ్యాటరీ పోయిందనుకుని కొత్తది కొనబోయాం. అసలు సంగతి తెలియడానికి రెండు వారాలు పట్టింది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మీ వైపు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఎంత పెద్ద బ్యాటరీ అయినా ఒక్క రోజే, మళ్లీ ఎక్కించడానికి కరెంటు ఉండదు కాబట్టి. తుపాను హెచ్చరిక రాగానే ఆఫీసుకి ముందే చెప్పేయండి.

ప్రశ్న: డెస్క్‌టాప్‌కి 600 వీఏ యూపీఎస్ పెట్టాను. రెండేళ్లు బాగానే ఉంది. ఇప్పుడు కరెంటు పోతే ఫైల్ సేవ్ చేసేలోపే ఆరిపోతోంది.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: లోపలి బ్యాటరీ అయిపోయింది, యూపీఎస్ కాదు. సాధారణంగా అందులో ఉండేది 12 ఓల్టుల 7 యాంపియర్ అవర్‌ది, రెండు మూడేళ్లే దాని ఆయుష్షు. అది మాత్రం మార్పించండి. 600 వీఏ అంటే 600 వాట్లు అనుకోకండి, చాలావాటిలో 360 వాట్లే. లేజర్ ప్రింటర్ దానికే పెట్టి ఉంటే ఈరోజే తీసేయండి, లోపలి హీటర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా లాగేస్తుంది. ఇంకోటి, ఇంట్లో స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఉండి దాని లైను మీదే ఈ యూపీఎస్ ఉంటే, చాలా యూపీఎస్‌లు దాన్ని కరెంటు కింద లెక్కపెట్టవు, ఇన్వర్టర్ నడుస్తున్నా కీచుమంటూ సొంత బ్యాటరీనే తినేస్తాయి.

ప్రశ్న: అద్దె ఇల్లు, మూడో అంతస్తు, చిన్న పిల్లలు ఉన్నారు. ఇన్వర్టర్‌కి లిథియం బ్యాటరీ తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: మీకైతే తీసుకోండి అనే అంటాను. మామూలుగా ఇన్వర్టర్‌కి పెట్టే ట్యూబులర్ బ్యాటరీ 50 కిలోల పైన ఉంటుంది, ఇల్లు మారిన ప్రతిసారీ మెట్ల మీద మోయాలి, డిస్టిల్డ్ వాటర్ పోస్తుండాలి, పైగా లోపల యాసిడ్. ఛార్జింగ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వస్తుంది, అందుకే దాన్ని పడకగదిలోనో మూసిన కప్‌బోర్డులోనో పెట్టకూడదు, దేవుడి దీపం దగ్గర అసలే వద్దు. లిథియంలో ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకమే అడిగి తీసుకోండి. నీళ్లు పోసే పని లేదు, బరువు తక్కువ, పది పన్నెండు గంటలకి బదులు నాలుగైదు గంటల్లో ఛార్జ్ అవుతుంది. ధర ఎక్కువే. పాత ఇన్వర్టర్‌కి లిథియం సెట్టింగ్ లేకపోతే మాత్రం బ్యాటరీ ఒక్కటే తెచ్చి తగిలించకండి, ఇన్వర్టర్, బ్యాటరీ కలిసి ఉన్న సెట్టే కొనండి, బిల్లు మీద రెండింటి వారంటీ విడివిడిగా రాయించుకోండి.