వేదాంత చదువు మధ్యలో నర్సింగ్‌కి మారవచ్చా?

కందుకూరు నుంచి వచ్చి అమెరికాలో పాస్టర్ సేవకు తయారుచేసే సెమినరీలో ఎం.డివ్ (క్రైస్తవ వేదాంతంలో మాస్టర్స్) రెండో ఏడు చదువుతున్న అబ్బాయి అడిగాడు: "అన్నా, ఆస్పత్రిలో చాప్లిన్ (రోగులకు ఆత్మీయ ఓదార్పునిచ్చే సేవకుడు) శిక్షణకు వెళ్ళినప్పటి నుంచి మనసు నర్సింగ్ మీదికి పోతోంది. మారితే వీసా ఏమవుతుంది? సేవ వదిలేసినట్టేనా?"

తమ్ముడూ, మాది కావలి. నేనూ ఇదే దారిలో వచ్చాను. వీసా మాట ముందు తేల్చుకుందాం, అక్కడ తప్పు జరిగితే మిగతాదంతా మాట్లాడుకుని లాభం లేదు.

చదువు మానేసి కూర్చుని సీటు వెతుక్కోవద్దు. ఎం.డివ్‌లో ఉండగానే అప్లై చేయి. సీటు వచ్చాక డీఎస్ఓతో (కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) మాట్లాడి సెవిస్ రికార్డు (ప్రభుత్వం దగ్గర ఉండే నీ విద్యార్థి రికార్డు) కొత్త కాలేజీకి మార్పించుకో. మాస్టర్స్ నుంచి బ్యాచిలర్స్‌కి దిగుతున్నావు కాబట్టి, వీసా స్టాంపింగ్‌కి కాన్సులేట్‌కి వెళ్తే ఎందుకని అడగవచ్చు. దానికి సూటి జవాబు నీ దగ్గర ఉండాలి. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. ఎం.డివ్ పూర్తిచేసి దాని మీద 12 నెలల ఓపీటీ (చదివిన రంగంలో పని చేయడానికిచ్చే అనుమతి) వాడేస్తే, అంతకంటే కింది డిగ్రీ అయిన నర్సింగ్‌కి మళ్ళీ ఓపీటీ రాదు. సైన్స్, టెక్నాలజీ కోర్సులకిచ్చే స్టెమ్ ఓపీటీ పొడిగింపు కూడా నర్సింగ్‌కి లేదు. అందుకే ఎం.డివ్ పూర్తిచేసినా సరే, ఓపీటీకి అప్లై చేసేముందు వంద సార్లు ఆలోచించు.

నర్సింగ్ అసిస్టెంట్ శిక్షణ చట్టం ప్రకారం కనీసం 75 గంటలే. "చేసేసి, ముసలివాళ్ళ నర్సింగ్ హోమ్‌లో చేరిపో" అని ఎవరో ఒకరు చెప్తారు. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద క్యాంపస్ బయట అనుమతి లేకుండా పని చేస్తే స్టేటస్ పోతుంది. చేతికి డబ్బులిస్తామన్నా వెళ్ళొద్దు.

వేరే డిగ్రీ ఉన్నవాళ్ళకి నర్సింగ్ కోర్సు ఏడాది, ఏడాదిన్నరలో అయిపోతుంది. అయితే అంతకుముందే అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్ చదివి ఉండాలంటారు. సెమినరీలో వచ్చినంత స్కాలర్‌షిప్ ఇక్కడ ఆశించకు. ఎన్‌క్లెక్స్ (నర్సు లైసెన్సు పరీక్ష) పాసయ్యాక నర్సులకు గ్రీన్‌కార్డులో లేబర్ సర్టిఫికేషన్ (ఆ పనికి ఇక్కడివాళ్ళు దొరకలేదన్న ప్రభుత్వ ధ్రువీకరణ) అక్కర్లేదు గానీ, ఇండియాలో పుట్టినవాళ్ళ వరస ఏళ్ళ తరబడి సాగుతుంది. మామూలు నర్సు ఉద్యోగానికి హెచ్-1బీ (ఉద్యోగ వీసా) దొరకడం కష్టం. ఈ లెక్కంతా కాగితం మీద వేసుకున్నాకే ఇంటి దగ్గర తోట తాకట్టు మాట ఎత్తు.

ఇక సేవ సంగతి. నర్సింగ్ చదివేటప్పుడు ఒక క్లినికల్‌లో (ఆస్పత్రిలో చేసే శిక్షణలో), ఊపిరి అందక కొట్టుకుంటున్న ఒక పెద్దాయన చెయ్యి పట్టుకుని, ఆయన్ని అడక్కుండానే నేను పైకి ప్రార్థన మొదలుపెట్టాను. ఆయన కళ్ళు మూసుకుని ముఖం పక్కకి తిప్పుకున్నాడు. టీచరమ్మ నన్ను బయటికి పిలిచి, "ఆయన మంచం మీద నుంచి లేచి వెళ్ళిపోలేడు, ఆ సంగతి ఆలోచించావా?" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. గుడికి వచ్చినవాడు తన ఇష్టంతో వస్తాడు. రోగి అలా కాదు. అడిగితే ప్రార్థించు, అడక్కపోతే దిండు సర్దు, నీళ్ళు అందించు, చెప్పేది విను. నీ 400 గంటల చాప్లిన్ యూనిట్‌లో రోగి మాటలు ఉన్నవున్నట్టు రాసి అందరి ముందూ చదివావు కదా, ఆ వినడం నర్సుగా రోజూ అక్కరకొస్తుంది.

మా అమ్మ మూడు నెలలు నాతో సరిగా మాట్లాడలేదు. "కడుపులో ఉండగానే నిన్ను దేవుడికిచ్చాను" అనేది. మన వైపు, 1840లో నెల్లూరు వచ్చిన శామ్యూల్ డే, 1866లో ఒంగోలు వచ్చిన జాన్ క్లౌ అనే బాప్టిస్టు మిషనరీలు నిలబెట్టిన మిషన్, గుడులతో ఆగలేదు, బడులూ ఆస్పత్రులూ కట్టింది. అమ్మ పుట్టింది నెల్లూరు మిషన్ ఆస్పత్రిలోనే. ఆ రాత్రి కాన్పు చేసిన నర్సమ్మని అమ్మమ్మ బతికినన్నాళ్ళూ ప్రార్థనలో తలుచుకునేది. అది గుర్తుచేశాకే అమ్మ మెత్తబడింది. మీ ఇంట్లోనూ అలాంటి నర్సమ్మ ఒకరు ఉండే ఉంటారు, అడిగి చూడు.

ఇప్పటికి ఒక్క పని చేయి. డీఎస్ఓకి చెప్పి, వచ్చే సెమిస్టర్‌లో దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో అనాటమీ ఒక్కటి తీసుకో. ఎముకల పేర్లు కూర్చుని బట్టీ పట్టే ఆ నెలల్లో, ఇది పిలుపో, సెమినరీ చదువు మీద విసుగో నీకే తెలిసిపోతుంది.