ఆమె అడిగింది ఒక్క రాత్రి నిద్రే కదా!

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. విజయవాడలో బ్యాంకు ఉద్యోగం. పెళ్లయి నాలుగేళ్లు. మా ఆవిడ ఇంటి నుంచే పని చేస్తుంది. అమ్మ మాతోనే ఉంటుంది. రెండు నెలల క్రితం మా ఆవిడ పట్టుబట్టి షెల్టర్ నుంచి ఒక కుక్కను తెచ్చింది. ఫారం మీద నేనూ సంతకం పెట్టాను. బైకు గుద్దేస్తే రోడ్డు పక్కన పడి ఉన్న వీధి కుక్క అది. పేరు చిట్టి. వెనక కాలు కుంటుతుంది. వచ్చిన వారానికే టిక్ ఫీవర్. పది రోజులు మాత్రలు వేశాం, లేచి తిరుగుతోందని ఆపేశాం. మళ్లీ జ్వరం. ఇప్పటికి 23 వేలు అయింది. రాత్రిళ్లు మంచం కింద దూరి వణుకుతూ మూలుగుతుంది. నేను ఆఫీసు నుంచి రాగానే హెల్మెట్‌తో చూసి గుమ్మంలోనే మూత్రం పోసేస్తుంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు. జాలిపడి అప్పుడప్పుడు పెరుగన్నం పెడుతుంది గానీ, పూజగది దగ్గర అది తిరగడం ఇష్టం లేదు. ‘పిల్లల్ని కనాల్సిన వయసులో కుక్కకి చాకిరీ ఏంటి’ అంటుంది. మా ఆవిడేమో రోజూ దాని పక్కనే నేల మీద పడుకుంటోంది. మొన్న ‘ఒక్క రాత్రి నువ్వు చూడు, నేను నిద్రపోతా’ అని నా మీద అరిచింది. తెచ్చుకున్నది తను, నేనెందుకు చూడాలి? వచ్చే నెల పుట్టింటికి వెళ్తోంది. అప్పుడు కుక్కను షెల్టర్‌లో ఇచ్చేసి, గేటు తీసి ఉంటే పారిపోయిందని చెబితే గొడవ లేకుండా పోతుంది. తప్పంటారా?

జవాబు: తప్పే. అందులో ఆలోచించడానికి ఏమీ లేదు. ఊరి నుంచి వచ్చిన మర్నాడే ఆమె దాన్ని వెతుక్కుంటూ వీధివీధీ తిరుగుతుంది. మీరూ పక్కన నడుస్తూ ‘చిట్టీ, చిట్టీ’ అని పిలవాలి. చేయగలరా? ఎలా ఉందో కనుక్కుందామని షెల్టర్ వాళ్లకు ఆమె ఒక్క ఫోన్ చేస్తే అంతా బయటపడుతుంది. తర్వాత ఆమె మీ ఏ మాటా నమ్మదు. షెల్టర్ దాకా ఎందుకు, దారిలోనే ఎక్కడో వదిలేద్దామన్న ఆలోచన గనక వస్తే, పెంపుడు జంతువును ఆకలికీ దాహానికీ వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమని గుర్తుపెట్టుకోండి.

ఇక అసలు సంగతికి వద్దాం. మీ ఉత్తరంలో కుక్క ఖర్చు లెక్కతో సహా ఉంది. అమ్మగారి మోకాళ్లున్నాయి, పూజగది ఉంది. మీ ఆవిడ నోటి మాట మాత్రం ఒక్కటే ఉంది, ‘ఒక్క రాత్రి నువ్వు చూడు, నేను నిద్రపోతా’ అని. దాన్ని కూడా మీరు ఫిర్యాదుగానే రాశారు. రెండు నెలలుగా కంటినిండా నిద్ర లేని మనిషి మిమ్మల్ని అడిగింది ఒక్క రాత్రి. పొద్దున్నే లేచి ఆమె కూడా ఉద్యోగం చేయాలి. ఇంట్లోంచి చేస్తే అది ఉద్యోగం కాకుండా పోదు.

ఫారం మీద మీ సంతకం ఉంది. సంతకం పెట్టాక ‘నువ్వు తెచ్చుకున్నావు, నువ్వే చూసుకో’ అనే హక్కు మీకు లేదని నేను గట్టిగా నమ్ముతాను. ఆ రోజే వద్దని చెప్పి ఉంటే అది మీ ఇష్టం, ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆమె ముఖం చూసి సరేనని, కష్టం వచ్చాక పక్కకు తప్పుకోవడం మగతనమూ కాదు, మంచితనమూ కాదు.

పిల్లల గురించి మీ అమ్మగారు ఆ మాట అన్నప్పుడు మీరేమన్నారో రాయలేదు. ఏమీ అని ఉండరు. నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే. మీ ఆవిడ ఎందుకంత గట్టిగా అరిచిందో ఒక్కసారి ఆలోచించండి. రేపు బిడ్డ పుడితే ఆ బిడ్డా రాత్రిళ్లు ఏడుస్తుంది, జ్వరం తెచ్చుకుంటుంది, ఎందుకేడుస్తుందో చెప్పలేదు. ‘కన్నావుగా, నువ్వే చూసుకో’ అని అప్పుడు కూడా పక్క గదిలోకి వెళ్లి తలుపేసుకుంటారేమోనన్న భయం ఆమెకు ఇప్పుడే పట్టుకుని ఉంటుంది. ఉండదని మీరు గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలరా?

అమ్మగారిని అడ్డం పెట్టుకోకండి. పెరుగన్నం పెట్టిన మనిషి ఆవిడ. ఆవిడ ఇబ్బందులు చిన్నవి, తీర్చదగ్గవి. పూజగది గుమ్మానికి అడుగున్నర ఎత్తు చెక్క అడ్డం పెట్టించండి. రాత్రిపూట ఆవిడ బాత్రూముకు నడిచే దారిలో కుక్క పడుకోకుండా పక్క వేరేచోట వేయండి, ఒక చిన్న లైటు వెలగనివ్వండి. చిట్టికి యాంటీ రేబిస్ టీకా వేయించి, ఆ కార్డు చూపించండి. పిల్లల మాట మాత్రం ఇంకోసారి రాకూడదని మీరే చెప్పాలి, కొడుకుగా, మర్యాదగా, మీ ఆవిడ ఎదురుగానే. ఆ మాట కోడలు చెబితే గొడవవుతుంది. మీరు చెబితే ఆవిడ వింటారు.

చిట్టికి మీ మీద పగ ఏమీ లేదు. దాన్ని గుద్దింది బైకు. హెల్మెట్ పెట్టుకున్న ఆకారం గుమ్మంలో కనిపిస్తే ప్రాణం పోతుందన్నంత భయం వేస్తుంది, దాని అదుపు లేకుండానే మూత్రం పడిపోతుంది. తిట్టినా, చెయ్యెత్తినా ఆ భయం ఇంకా పెరుగుతుంది. రేపటి నుంచి హెల్మెట్ పార్కింగులోనే తీసి సంచిలో పెట్టుకుని రండి. లోపలికి వచ్చి నేరుగా దాని మీదికి వంగకండి, కళ్లలోకి చూడకండి. కాస్త దూరంగా నేల మీద పక్కకు తిరిగి కూర్చోండి. ఉడికించిన చికెన్ ముక్క ఒకటి మీకూ దానికీ మధ్య వేసి ఊరుకోండి. మొదట ముక్క ముట్టదు. తర్వాత మీరు లేచాక వచ్చి తింటుంది. ఆ తర్వాత మీరుండగానే మెడ చాచి అందుకుంటుంది. పిలవకండి, దాన్నే రానివ్వండి. షెల్టర్ నుంచి వచ్చిన కుక్క ఇంటికి అలవాటు పడటానికి మూడు నెలలు చూడాలని దత్తత ఇచ్చేవాళ్లు చెబుతారు. చిట్టికి ఇంకా రెండే అయ్యాయి, అందులోనూ సగం రోజులు జ్వరమే.

ఆ జ్వరం తిరగబెట్టింది మందులు మధ్యలో ఆపినందుకే కావచ్చు. గోమార్ల వల్ల వచ్చే ఎర్లీషియా జబ్బుకు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మామూలుగా 28 రోజులు వాడిస్తారు. లేచి తిరిగినంత మాత్రాన జబ్బు పోయినట్టు కాదు. ప్లేట్‌లెట్లు పెరిగాయో లేదో రక్తపరీక్షలోనే తెలుస్తుంది. గోమార్ల వల్లే వచ్చే ఇంకో జబ్బు బబీసియా అయితే మందే వేరు, కాబట్టి పాత చీటీ చూసి మీరే మళ్లీ మొదలుపెట్టకండి. గోమార్లు కుక్క ఒంటి మీదే ఉండిపోవు. గోడ పగుళ్లలో, తలుపు సందుల్లో, పాత గోనెల కింద గుడ్లు పెడతాయి. ఒంటికి మందు రాసి ఇల్లు వదిలేస్తే నెల తిరక్కుండా మళ్లీ ఎక్కుతాయి. ఆదివారం ఆ పగుళ్లకు సిమెంటు పెట్టే పని మీరు తీసుకోండి.

రాత్రి మూలుగంతా భయమే అనుకోవద్దు. విరిగి అతుక్కున్న కాలు పడుకున్నప్పుడు సలుపుతూ ఉండొచ్చు. ఎక్స్‌రే తీయిస్తే తెలుస్తుంది. మెడికల్ షాపులో అడిగి మనుషుల మాత్రలు మాత్రం వేయకండి. పారాసెటమాల్, ఐబూప్రోఫెన్ కుక్కల ప్రాణం మీదికి తెస్తాయి. నిజంగా ఆందోళనే అయితే దానికీ మందులున్నాయి, పశువైద్యులే రాస్తారు. వాటిలో కొన్ని పని మొదలుపెట్టడానికే కొన్ని వారాలు పడతాయి. అది మంచం కిందే దూరుతోంది కదా, బయటికి లాగకండి. మూడు వైపులా పాత చీర కట్టి, అడుగున దుప్పటి పరిస్తే అదే దాని గది. తిండీ షికారూ రోజూ ఒకే వేళకు జరిగితే సగం టెన్షన్ దానంతట అదే తగ్గుతుంది. దీపావళి రాకముందే డాక్టర్ని కలవండి, టపాసుల రాత్రికి ఏమివ్వాలో అడిగి పెట్టుకోండి.

ఇవన్నీ చేశాక కూడా మీ ఇద్దరి వల్లా కాకపోవచ్చు. అప్పుడు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని, షెల్టర్ వాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పి, వాళ్లు ఇంకో ఇల్లు చూసేదాకా మీ దగ్గరే ఉంచుకుని అప్పగించండి. అందులో పాపం లేదు. కానీ ఆ మాట ఎత్తే అర్హత చిట్టి కోసం కొన్ని రాత్రులైనా మేలుకున్న మనిషికే ఉంటుంది. మీరు ఇంకా ఒక్క రాత్రి కూడా మేలుకోలేదు.

ఇవాళ భోజనాలయ్యాక హాల్లో మీ చాప మీరే వేసుకోండి. ఆమెను లోపలికి వెళ్లి తలుపేసుకుని పడుకోమనండి. ‘అరిచావు కాబట్టి చేస్తున్నా’ అనొద్దు. పొద్దున ఎంతసేపు పడుకున్నా లేపొద్దు. ఈ వారంలోనే ఒకరోజు సెలవు పెట్టి గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి మీరిద్దరూ చిట్టిని తీసుకుని వెళ్లండి. పాత రిపోర్టులన్నీ తీసుకెళ్లండి, మాత్రలు పది రోజులకే ఆపేశామని దాచకుండా చెప్పండి. అక్కడ డాక్టరు చెప్పేవి మీరే రాసుకోండి, మందుల వేళలు మీ ఫోన్‌లో పెట్టుకోండి. పొద్దుటి మాత్ర ఆమె వేస్తే రాత్రి మాత్ర మీది. వచ్చే నెల ఆమె పుట్టింట్లో ఉన్నన్నాళ్లూ రెండూ మీవే. రోజుకో ఫొటో తీసి ఆమెకు పంపండి.