సీటీ టెక్స్చర్ అనాలిసిస్ చేయిస్తే పిత్తనాళ క్యాన్సర్‌కు బయాప్సీ అక్కర్లేదా?

మీ అమ్మగారికి పిత్తనాళంలో (లివర్ నుంచి పైత్యరసం పేగుకు పోయే గొట్టంలో) గడ్డ ఉందన్నారనీ, టెక్స్చర్ అనాలిసిస్ చేయిస్తే బయాప్సీ తప్పుతుందా అనీ అడిగారు. మాది చిత్తూరు. మా నాయనకూ ఇదే జబ్బు. నేను డాక్టర్ని కాను, ఆయన వెంట తిరుగుతూ అడిగి తెలుసుకున్నది చెబుతున్నాను.

తప్పదండీ. ఆపరేషన్‌కు వీలుంటే కొన్నిసార్లు బయాప్సీ లేకుండానే చేస్తారు, కానీ కీమో మొదలుపెట్టాలంటే మామూలుగా ముక్క పరీక్ష కావాల్సిందే.

సీటీ బొమ్మలో ప్రతి చుక్కకూ ఒక అంకె ఉంటుంది. నీళ్లకు సున్నా, గాలికి మైనస్ 1000. మన కంటికి గడ్డంతా ఒకే బూడిద రంగు. రెండు రాగిసంగటి ముద్దల రంగు ఒకటే అయినా, విరిస్తే ఒకటి నున్నగా, ఇంకొకటి ఉండలు ఉండలుగా ఉండొచ్చు కదా. ఆ ఉండల లెక్క తీయడమే ఈ అనాలిసిస్. పక్కపక్క చుక్కల అంకెలను పోల్చే ఈ లెక్కల్లో ముఖ్యమైనది హరాలిక్ అనే పరిశోధకుడు 1973లో చెప్పిన పద్ధతి. దాంతో జబ్బు లింఫ్ గ్రంథులకు పాకిందా, ఆపరేషన్ తర్వాత తిరగబెడుతుందా అని ముందే అంచనా వేయాలని చూస్తున్నారు. ఎక్కువగా పాత పేషెంట్ల స్కాన్ల మీద జరుగుతున్న పరిశోధన ఇది. మిషన్ మారినా, స్కాన్‌లో ఒక్కో పొర (స్లైస్) మందం మారినా అంకెలు మారిపోతాయి. అందుకే దీని కోసం ఊళ్లు తిరగొద్దు.

మేము దెబ్బతిన్నది వేరేచోట. కళ్లు పచ్చబడితే కామెర్లనుకుని రెండు వారాలు పసరు తాగించాం. దురద తట్టుకోలేక నాయన రాత్రిళ్లు గుంజకు వీపు రుద్దుకునేవాడు. తర్వాత మూసుకుపోయిన నాళంలో స్టెంట్ అనే చిన్న గొట్టం వేశారు, ఆ తర్వాతే స్కాన్. సెంటర్ వాళ్లు ఫిలిం, రిపోర్టు చేతిలో పెట్టారు. వేలూరు పోతే అక్కడి సర్జన్ ఫిలింను వెలుతురుకు పట్టుకుని చూసి, "సీడీ ఏదయ్యా?" అన్నారు. స్టెంట్ వల్ల గడ్డ ఎక్కడిదాకా ఉందో తేలడం లేదన్నారు. మళ్లీ ఎంఆర్ఐ, మళ్లీ పదకొండు రోజులు. ఆ పదకొండు రోజులు ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు.

కాబట్టి స్టెంట్‌కు ముందే కాంట్రాస్ట్ (నరంలోకి ఎక్కించే మందు)తో, పల్చటి స్లైసులతో సీటీ తీయడం కుదురుతుందా అని అడగండి. చలిజ్వరం ఉంటే మాత్రం ఆగకూడదు, పైత్యరసం బయటికి పోయే దారి వెంటనే చేయాలి. కాంట్రాస్ట్‌కు ముందు కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూస్తారు. డైకామ్ ఫైళ్లు (స్కాన్ అసలు కంప్యూటర్ ఫైళ్లు) ఉన్న సీడీ తీసుకోకుండా సెంటర్ గడప దాటొద్దు. రేపు ఎవరైనా టెక్స్చర్ చూడాలన్నా అంకెలుండేది ఆ ఫైళ్లలోనే, ఫిలింలో కాదు. సీఏ 19-9 అనే క్యాన్సర్ రక్తపరీక్షలో ఎక్కువుందని టెన్షన్ పడకండి, నాళం మూసుకుపోయి కామెర్లు వచ్చినా అది పెరుగుతుంది.

అమ్మగారికి దురద ఉందని రాశారు. ఈ రాత్రికే గోళ్లు కురచగా కత్తిరించండి. మా నాయన చేతులు గీరుకుని పుండ్లు పడ్డాకే మాకు ఆ సంగతి తోచింది.