మీ బాబు ఛాన్స్ లెక్క క్లాసు ర్యాంకు దగ్గర మొదలుపెట్టండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: బాబు టెక్సస్‌లో 11వ తరగతి పూర్తి చేస్తున్నాడు. జీపీఏ (మార్కుల సగటు) వెయిట్ లేకుండా, అంటే కష్టమైన క్లాసులకు అదనపు పాయింటు కలపకుండా, 4కి 3.95. కాలేజీ ప్రవేశ పరీక్ష శాట్‌లో 1600కి 1540. వచ్చే ఏడాదివి కలిపి తొమ్మిది ఏపీ క్లాసులు (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి క్లాసులు). కంప్యూటర్ సైన్స్ కావాలి. స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ, కార్నెగీ మెలన్, ఇల్లినాయ్, జార్జియా టెక్, యూటీ ఆస్టిన్‌లలో ఎక్కడ ఎంత శాతం ఛాన్స్ ఉందని అడిగారు. మేమూ టెక్సస్‌లోనే ఉంటున్నామండి. మా అమ్మాయి ఇదే మేజర్‌కి అప్లై చేసి ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. ఆ ఏడాదంతా ఇంట్లో ఇవే లెక్కలు, ఇదే టెన్షన్. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీరు అన్ని వివరాలూ ఇచ్చారు గానీ క్లాసు ర్యాంకు చెప్పలేదు. టెక్సస్ పిల్లలకు అన్నిటికంటే ముందు చూడాల్సింది అదే. టాప్ 10 శాతంలో ఉన్న విద్యార్థికి రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీలు సీటు ఇవ్వాలని ఇక్కడ 1997 నుంచి చట్టం ఉంది. గడువులోపు అప్లై చేసి, హైస్కూల్లో చదవాల్సిన కోర్సులు చదివి ఉండాలి, అంతే. టెక్సస్ ఏ అండ్ ఎం, యూటీ డల్లాస్ ఈ లెక్కలోకే వస్తాయి. యూటీ ఆస్టిన్‌కి మాత్రం గీత ఇంకా పైన ఉంది. మొన్నటిదాకా టాప్ 6 శాతం, 2026 ఫాల్‌లో చేరేవాళ్ల నుంచి టాప్ 5 శాతం. అక్కడ టెక్సస్ పిల్లలకిచ్చే సీట్లలో 75 శాతం ఇలా ర్యాంకు మీదే నిండుతాయి. ఆ గీతకి ఒక్క మెట్టు కిందున్నా మిగిలిన పాతిక శాతం కోసం అందరితో పాటు పోటీ పడాల్సిందే.

3.95 చూసి ర్యాంకు బాగానే ఉంటుందని అనుకోకండి. ఇక్కడి స్కూళ్లు ఎక్కువగా వెయిటెడ్ జీపీఏ మీద ర్యాంకు ఇస్తాయి. మనవాళ్ల పిల్లలు బాగా ఎక్కువగా ఉన్న హైస్కూల్లో 3.95 ఉన్నా టాప్ 10 శాతంలో లేని పిల్లలను నేను చూశాను. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆటోమేటిక్ అడ్మిషన్ యూనివర్సిటీకే గానీ మేజర్‌కి కాదు. టాప్ 5 శాతంలో ఉన్న పిల్లాడికి కూడా ఆస్టిన్‌లో కంప్యూటర్ సైన్స్ రాకపోవచ్చు. ఆ ఎంపిక వేరు, అందులో వ్యాసాలు, యాక్టివిటీలు అన్నీ చూస్తారు.

ఒక్కో పిల్లాడికి ఇంత శాతం అని తేల్చి చెప్పగలవాళ్లు ఎవరూ లేరు. మాకు ఒక కన్సల్టెంట్ కాలేజీ పేర్ల పక్కన అంకెలు వేసి రిపోర్టు ఇచ్చాడు. ఒకదాని పక్కన 62 అని ఉంది. అది ఎలా వచ్చిందని అడిగితే "మా అనుభవం" అన్నాడు. ఆ 62 శాతం కాలేజీ నుంచి 'నో' వచ్చిన రాత్రి పిల్ల అన్నం తినలేదు. పిల్లల చేతికి అలాంటి కాగితం ఇవ్వడం అన్యాయమని ఇప్పటికీ నా అభిప్రాయం.

శాతం చెప్పలేం గానీ, ఏ కాలేజీ విషయంలో ఎంతవరకు ఊహించవచ్చో మాత్రం చెప్పొచ్చు. దానికి ముందు కాలేజీ మొత్తానికి ప్రకటించే శాతాన్ని పక్కన పెట్టండి. ఇల్లినాయ్ అర్బానా-షాంపేన్‌లో అప్లై చేసినవాళ్లలో మొత్తం మీద 40 శాతం దరిదాపు మందికి సీటు వస్తుంది. అక్కడే కంప్యూటర్ సైన్స్‌కి మాత్రం 10 శాతం లోపే. వేరే మేజర్‌లో చేరి తర్వాత మారిపోదాం అనుకుంటే ఆ దారి దాదాపు మూసి ఉంది. జార్జియా టెక్‌లో ఆ రాష్ట్రం పిల్లలకు 30 శాతం దరిదాపు వస్తే, మనలా బయటివాళ్లకు 10 దరిదాపే. బర్క్‌లీలో సీటుకి మీ బాబు 1540 పనికిరాదు, ఎందుకంటే బర్క్‌లీ ఉన్న యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు సీటు ఇచ్చేటప్పుడు శాట్ అసలు చూడవు. జీపీఏ కూడా 10, 11 తరగతులదే లెక్క కడతాయి. బయటి రాష్ట్రం వాళ్లకు ఏపీ, అలాంటిదే అయిన ఐబీ క్లాసులకు తప్ప స్కూలు ఆనర్స్ క్లాసులకు అదనపు పాయింటు ఇవ్వవు. ఈ రూల్స్‌తో మీరే ఒకసారి లెక్క వేసి చూడండి, 3.95 కాస్తా వేరే అంకె అవుతుంది.

కాలేజీలు చాలావరకు ఏటా 'కామన్ డేటా సెట్' అని ఒక పత్రం వెబ్‌సైట్‌లో పెడతాయి. అందులో సీ విభాగం తీరిగ్గా చదవండి. సీ7లో దేనికి ఎంత ప్రాముఖ్యం ఇస్తారో టిక్కులు పెట్టి ఉంటుంది. సీ9లో అక్కడ చేరిన పిల్లల శాట్ మార్కులు కింది గీత, పై గీతలుగా ఉంటాయి. మీ బాబు మార్కు అందులో పై గీత దాటినా సీటు ఖాయమని అర్థం కాదు, మార్కు అడ్డం రాదని మాత్రమే అర్థం. సీ21లో ఎర్లీ డెసిషన్ (ఒక్క కాలేజీకి మాట ఇచ్చి ముందుగా వేసే అప్లికేషన్) అంకెలుంటాయి. అక్కడ శాతం ఎక్కువగా కనిపిస్తుంది గానీ, ఆ గుంపులో కాలేజీ జట్ల కోసం ముందే ఖాయమైన ఆటగాళ్లు, కొన్నిచోట్ల పూర్వ విద్యార్థుల పిల్లలు కలిసి ఉంటారు. పైగా వస్తే చేరి తీరాలి. ఫీజు సంగతి తేల్చుకోకుండా ఆ ఫారం మీద సంతకం పెట్టకండి. ప్రతి కాలేజీ సైట్‌లోనూ నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ ఉంటుంది, ఇద్దరూ కూర్చుని నింపండి.

మీ స్కూల్లో నావియన్స్ (కాలేజీ అప్లికేషన్ల కోసం స్కూళ్లు వాడే వెబ్‌సైట్) ఉంటే, మీ స్కూలు నుంచే గతంలో అప్లై చేసిన పిల్లల మార్కులు, ఫలితాలు చూపే చుక్కల పటం కనిపిస్తుంది. బయటి అంకెలన్నిటికంటే నాకు దాని మీదే ఎక్కువ గురి, ఎందుకంటే కాలేజీవాళ్లు పిల్లాణ్ణి అతని స్కూల్లో దొరికిన అవకాశాలతో పోల్చి చూస్తారు. అయితే ఆ చుక్కల్లో ఎవరు ఏ మేజర్‌కి వేశారో తెలియదు. అది స్కూలు కౌన్సెలర్‌ని అడగాల్సిందే.

"పది పెద్ద కాలేజీలకు వేస్తే ఒకటైనా రాకపోతుందా?" అని చాలామంది అంటారు. ఒక్కోదాంట్లో 5 శాతం ఛాన్స్ అనుకుంటే, కాగితం మీద పదింట్లో కనీసం ఒకటి వచ్చే అవకాశం 40 శాతం. అసలు పరిస్థితి అంతకంటే తక్కువ. అవి లాటరీ టికెట్లలా విడివిడివి కావు. ఒకచోట వ్యాసం తేలిపోతే అదే వ్యాసం మిగతా చోట్లకూ వెళ్తుంది. స్టాన్‌ఫర్డ్‌లో మొత్తం మీదే 4 శాతం లోపు మందికి సీటు వస్తుంది, దాన్ని ఎవరికైనా దూరంగానే పెట్టుకోవాలి. కార్నెగీ మెలన్ కంప్యూటర్ సైన్స్ కూడా అంతే.

ర్యాంకు తెలియకుండా మీ లిస్టులో ఖాయమని చెప్పగలిగే కాలేజీ ఒక్కటీ లేదు. నాకు బెంగ దాని గురించే. లిస్టు కింది నుంచి మొదలుపెట్టండి. చట్టం ప్రకారం సీటు వచ్చేది, ఫీజు మీరు కట్టగలిగేది, బాబు "సరే, సంతోషంగా వెళ్తాను" అనేది ముందు ఒకటి దొరకాలి. ఆ మూడో షరతు మీరు చెప్తే చాలదు, క్యాంపస్‌కి తీసుకెళ్లి అతని నోటితోనే అనిపించండి. మా అమ్మాయి ఇప్పుడు చదువుతున్నది అలాంటి కాలేజీలోనే. అక్కడ మంచి ప్రొఫెసర్ దగ్గర రెండో ఏడాదే రీసెర్చ్‌లో చేరింది.

కామన్ యాప్ (చాలా కాలేజీలకు ఒకేచోట అప్లై చేసే వెబ్‌సైట్) ఆగస్టు 1న తెరుస్తారు. వేసవి సెలవులకు ముందే కౌన్సెలర్‌కి మెయిల్ పెట్టి ర్యాంకు, స్కూలు వెయిటెడ్ జీపీఏ తెప్పించుకోండి. అవి వచ్చాక ఇక్కడే కింద రాయండి. టాప్ 5లో ఉంటే ఒక లిస్టు, 5కీ 10కీ మధ్య ఉంటే ఇంకో లిస్టు, 10 దాటితే మరోటి అవుతుంది. అప్పుడు పేర్లతో సహా మాట్లాడుకుందాం.