మంచు మీద బండి, నీళ్లలో పడవ

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. ఉత్తర ధ్రువం దగ్గర నేల లేదని, సముద్రం మీద పేరుకున్న మంచు మాత్రమే ఉందని మా తమ్ముడి పాఠంలో చదివాను. స్లెడ్జి లాక్కుంటూ స్కీల మీద అక్కడికి వెళ్లేవాళ్లకి మధ్యలో మంచు విడిపోయి నీళ్లు అడ్డొస్తే ఎలా? స్లెడ్జినే పడవ చేసుకుంటారని విన్నాను. మనిషి ఎక్కితే అది మునిగిపోదా? తమ్ముడికి ఇంట్లో చేసి చూపించే ఉపాయం కూడా చెప్పండి.
- డిగ్రీ విద్యార్థిని, భావనపాడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: నువ్వు విన్నది నిజమేనమ్మా. ముందు మునగడం సంగతి చూద్దాం. రెండు మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు ఉన్న స్లెడ్జి పది సెంటీమీటర్ల లోతు నీళ్లలోకి దిగిందనుకో. సుమారు వంద లీటర్ల నీటిని పక్కకు తోస్తుంది, అంటే వంద కిలోల బరువు మోస్తుంది. ఇంకో పది సెంటీమీటర్లు దిగితే మనిషినీ మోస్తుంది. కాబట్టి మునుగుతుందన్న టెన్షన్ అక్కర్లేదు. అసలు ప్రమాదం బోల్తా పడటం. ఇరుకైన స్లెడ్జిలో సామాను మీద మనిషి కూర్చుంటే బరువు పైకి చేరుతుంది. కాస్త పక్కకు ఒరిగితే చాలు.

అందుకే రెండు స్లెడ్జిలను పక్కపక్కన పెట్టి, పైన స్కీలు అడ్డంగా వేసి తాళ్లతో బిగిస్తారు. ఫైబర్ బోట్లు రాకముందు వేటకు వెళ్లే తెప్పను ఎలా కట్టేవారో మీ ఊళ్లో పెద్దవాళ్లను అడుగు. విడి దుంగ మీద మనిషి నిలవలేడు. అవే దుంగలు కలిపి కడితే అలల మీద నిలబడి వల వేస్తాడు. ఒడ్డుకొచ్చాక కట్లు విప్పి దుంగలు ఆరబెట్టేవారు. ధ్రువం దారిలోనూ మంచు విడిపోయి ఏర్పడ్డ నీటి పాయ దాటగానే కట్లు విప్పేస్తారు. కాకపోతే ఆ చలికి తడిసిన తాడు ముడిలోనే గడ్డకట్టేస్తుంది. దాన్ని మందపాటి గ్లవ్స్ చేతులతో విప్పాలి.

ఈ పద్ధతికి రావడానికి చాలా కాలం పట్టింది. 1827లో ఎడ్వర్డ్ ప్యారీ అనే బ్రిటిష్ నావికాదళ అధికారి స్పిట్స్‌బెర్గెన్ దీవి నుంచి ధ్రువానికి బయల్దేరాడు. మన దేశం 2008లో హిమాద్రి పరిశోధన కేంద్రం తెరిచింది ఆ దీవిలోనే. ప్యారీ ఇరవై అడుగుల పడవలు రెండు తీసుకుని, వాటి కింద మంచు మీద జారే పట్టీలు బిగించాడు. సరుకులతో కలిపి ఒక్కో మనిషి వంతుకు 120 కిలోల దాకా లాగాల్సి వచ్చింది. వాళ్లు ఉత్తరానికి లాగుతుంటే కింద మంచు దక్షిణానికి కొట్టుకుపోయేది. అయినా జులై 23న 82 డిగ్రీల 45 నిమిషాల అక్షాంశం చేరారు. 1876 దాకా అంతకన్నా ఉత్తరానికి ఎవరూ వెళ్లలేకపోయారు. ఆ మనుషుల ఓపికకు చేతులెత్తి దండం పెడతాను. పడవల బరువే వాళ్లను ఓడించిందని మాత్రం నా అభిప్రాయం.

నార్వే అన్వేషకుడు ఫ్రిట్యోఫ్ నాన్సెన్ పద్ధతి మార్చాడు. 1895 మార్చిలో యాల్మార్ యోహాన్సెన్‌తో కలిసి ఫ్రామ్ ఓడ దిగినప్పుడు, వెదురు చట్రానికి కాన్వాస్ గుడ్డ తొడిగిన కయాక్‌లు అనే ఇరుకైన చిన్న పడవలను కుక్కలు లాగే స్లెడ్జిల మీద కట్టుకెళ్లాడు. నీళ్లు వస్తే వరస తిరగేయడమే: కయాక్‌లు జత కట్టి, వాటి మీద స్లెడ్జిలు అడ్డంగా వేయడం. ఎంత తేలికో! కానీ మంచు దిబ్బల మీద ఈడ్చేసరికి గుడ్డ చిల్లులు పడింది. వాటిని బాగు చేసుకోవడానికే రోజులకు రోజులు పట్టాయి.

1896 జూన్‌లో ఫ్రాంజ్ జోసెఫ్ దీవుల దగ్గర జరిగింది తమ్ముడికి తప్పకుండా చెప్పు. ఇద్దరూ చుట్టుపక్కల చూద్దామని మంచు దిబ్బ ఎక్కారు. ఇంతలో జత కట్టిన కయాక్‌లు కట్టు ఊడి గాలికి కొట్టుకుపోయాయి. తిండి, తుపాకులు అన్నీ అందులోనే. నాన్సెన్ గడియారం తీసి యోహాన్సెన్ చేతిలో పెట్టి, పై బట్టలు కొన్ని విప్పి ఆ నీళ్లలో దూకాడు. కయాక్‌లను అందుకునేసరికి ఒళ్లు కొయ్యబారిపోయింది, పైకెక్కే శక్తి లేదు. అడ్డంగా వేసిన స్లెడ్జి అంచు మీదకి ఒక కాలు విసిరి, దాని ఆసరాతో పైకి పాకాడు. రెండింటినీ కలపడానికి వేసిన ఆ స్లెడ్జే లేకపోతే ఇద్దరి కథా అక్కడే ముగిసేది.

ఇప్పటివాళ్లు స్లెడ్జినే దోనె ఆకారంలో ప్లాస్టిక్‌తోనో కెవ్లార్ అనే గట్టి కృత్రిమ పీచుతోనో చేయిస్తున్నారు. మంచు అంచు మీదకి సులువుగా లాగడానికి ముందు భాగం పైకి లేచి ఉంటుంది. పైన నీరు దిగని గుడ్డ కప్పుతారు. లోపలికి నీళ్లు పోతే పడుకునే సంచి గడ్డకడుతుంది, ఆ రాత్రి ప్రాణం మీదకొస్తుంది. 2001లో ఒంటరిగా ఆర్కిటిక్ దాటిన బోర్గె ఊస్లాండ్ అయితే నీరు చొరబడని సూట్ వేసుకుని, స్లెడ్జిని వెనక తేలుస్తూ పాయలు ఈదాడు. ఇరుకు పాయలకు అదే నయం. కట్టడం, విప్పడం ఉండదు.

అయినా అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది నీళ్లు కాదమ్మా, అప్పుడే కట్టిన పలుచని మంచు. సముద్రపు నీరు మైనస్ 1.8 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఉప్పు వల్ల ఆ కొత్త మంచు నల్లగా, తడిగా ఉండి అడుగు వేస్తే వంగుతుంది. నడుద్దామంటే మనిషి బరువు మోయదు, తెడ్డు వేద్దామంటే పడవను కదలనివ్వదు. దాన్ని పగలగొట్టుకుంటూ వెళ్లాలి, లేదా చుట్టూ తిరగాలి, లేదా ఒక రాత్రి ఆగి గట్టిపడనివ్వాలి. నన్నడిగితే ఆగడమే మంచిది.

ఇక ఇంట్లో చేసి చూపించే ఉపాయం. పొడవాటి, ఇరుకైన ప్లాస్టిక్ డబ్బాలు రెండు తీసుకోండి. ఒకదానిలో గులకరాళ్లు నింపిన గ్లాసు నిలబెట్టి నీళ్ల తొట్టిలో వదలండి. వేలితో తాకితే ఒరిగిపోతుంది. గ్లాసు తీసి అవే రాళ్లు అడుగున పరిచి చూడండి, కాస్త నయం. ఇప్పుడు రెండు డబ్బాలను బెత్తెడు ఎడంగా పెట్టి, మీద రెండు వెదురు పుల్లలు అడ్డంగా వేసి పురికొసతో గట్టిగా కట్టండి. పుల్లల మీద చిన్న అట్టముక్క పెట్టి, మధ్యలో మళ్లీ రాళ్లు నింపిన గ్లాసు నిలబెట్టి వేలితో తాకండి, అంత సులువుగా ఒరగదు. ఆ తర్వాత పురికొస వదులు చేసి ఇంకోసారి తాకి చూడమను, కట్టు బిగువు ఎందుకో వాడికే తెలుస్తుంది.