ఆ లక్ష రూపాయలు దళారి చేతిలో పెట్టకండి

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా ఆదోని. వయసు 26. బీకాం కంప్యూటర్స్ చదివాను. చిన్నప్పుడు జరిగిన ప్రమాదంలో ఎడమ కాలు దెబ్బతింది, కాలికి ఆసరాగా కట్టుకునే కాలిపర్ వేసుకుని నడుస్తాను. సదరం ధ్రువపత్రంలో వైకల్యం 55 శాతం అని ఉంది. రెండేళ్లు ఒక జిన్నింగ్ మిల్లులో లెక్కలు రాశాను, నెలకు 11,000 ఇచ్చేవారు. ఆఫీసును మేడ మీదికి మార్చాక మెట్లు ఎక్కలేక మానేశాను. ఇప్పుడు 6,000 పింఛను తప్ప నాకు ఆదాయం లేదు. దివ్యాంగుల బ్యాక్‌లాగ్ పోస్టు (భర్తీ కాకుండా మిగిలిపోయినది) ఇప్పిస్తానని తెలిసిన ఒకాయన మూడు లక్షలు అడుగుతున్నారు. బ్యాంకులో నా పేరిట లక్ష ఉంది. మిగతా రెండు లక్షలు నాన్న మూడు రూపాయల వడ్డీకి తెస్తానంటున్నారు. ఇవ్వమంటారా? లేక ఆ డబ్బుతో జిరాక్స్ షాపు పెట్టుకోమంటారా?

జవాబు: అమ్మా, ఆ అప్పు తేవద్దు. నాన్నగారు ప్రామిసరీ నోటు మీద ఇంకా సంతకం పెట్టలేదనే ఆశతో ఈ జవాబు రాస్తున్నాను.

రెండు లక్షలకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 6,000. మీ పింఛను కూడా సరిగ్గా అంతే. ఒకటో తేదీన ఇంటికి వచ్చి మీ చేతిలో పెట్టిన డబ్బు ఆ సాయంత్రానికే వడ్డీ వ్యాపారికి చేరుతుంది. ఏడాదిలో 72,000 కట్టినా అసలులో ఒక్క రూపాయి తగ్గదు. కూతురికి ఉద్యోగం రావాలన్న తండ్రి ఆరాటం నాకు అర్థమవుతుంది. కానీ ఆ ఆరాటమే దళారికి పెట్టుబడి.

బ్యాక్‌లాగ్ పోస్టులు నిజంగానే ఉంటాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో నాలుగు శాతం మీలాంటి వారికి కేటాయించింది. వాటి నోటిఫికేషన్ జిల్లా కలెక్టర్ ఆధ్వర్యంలో బహిరంగంగా వస్తుంది, ఎవరి జేబులోంచీ రాదు. కొన్నేళ్ల క్రితం ఒక తండ్రి మా ఆఫీసుకు నియామక పత్రం జిరాక్సు తెచ్చారు. గుండ్రటి ముద్ర ఉంది, ఆకుపచ్చ సంతకం ఉంది, శాఖ పేరులోనే అక్షర దోషం ఉంది. పొలం అమ్మిన డబ్బు అప్పటికే పోయింది. పైగా అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తరువాత లంచం ఇవ్వడమూ నేరమే, కాబట్టి మోసపోయినవారు స్టేషన్ గడప తొక్కడానికి కూడా జంకుతారు.

మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం ఆ లక్ష రూపాయలు. దాన్ని మీరు ‘ఊరికే ఉన్న డబ్బు’ అనుకుంటున్నారు. నా లెక్కలో అది మీ అత్యవసర నిధి. మామూలు ఉద్యోగికి నేను ఆరు నెలల ఖర్చు దాచుకోమంటాను, మీకు మాత్రం పది నెలలకు తక్కువ వద్దంటాను. వేరేవారు వారంలో ఏదో ఒక పనిలో చేరిపోగలరు. మీరు ఆఫీసు ఏ అంతస్తులో ఉంది, మరుగుదొడ్డి ఎక్కడ ఉంది, బస్టాండు నుంచి ఎంత దూరం అని చూసుకోవాలి. ఆ వెతుకులాటకు సమయం పడుతుంది. చేతిలో డబ్బు లేకపోతే మొదట దొరికిన పనికి, ఎన్ని మెట్లున్నా, తల ఊపాల్సి వస్తుంది. మిల్లు మానేశాక కూడా మీరు నిలబడగలిగింది ఆ లక్ష ఉండబట్టే.

కాలిపర్ సంగతీ అంతే. మోకాలి దగ్గర తోలు పట్టీ తెగినా, కీలు వదులైనా ఆ రోజు మీకు పని లేనట్టే. కేంద్రం ఉచితంగా ఉపకరణాలు ఇస్తుంది నిజమే, కానీ శిబిరం పెట్టేదాకా విరిగిన కాలిపర్ ఆగదు. అందుకే లక్షలో 15,000 దాని కోసమే విడిగా ఉంచండి. 35,000 పొదుపు ఖాతాలోనే ఉండనివ్వండి. మిగిలిన 50,000 రెండు చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా వేయండి, అవసరమైతే ఒకటే విరమించుకోవచ్చు. చీటీలో వేయకండి, చుట్టాలకు చేబదులు ఇవ్వకండి. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా మీ బ్యాంకులోనే తీసుకోండి.

ఇక ఉద్యోగం. దళారి మిమ్మల్ని తొందరపెడుతున్నాడు కానీ మీ వయసు తొందరపెట్టడం లేదు. బ్యాంకు క్లర్కు పరీక్షకు అందరికీ 28 ఏళ్లు పరిమితి అయితే దివ్యాంగులకు పదేళ్ల సడలింపు ఉంది. అంటే మీకు 38 దాకా అవకాశం. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షలకు మీరు ఫీజు కూడా కట్టనక్కర్లేదు. నోటిఫికేషన్‌లో జీతం కంటే ముందు, ఆ పోస్టు ఏ వైకల్యం ఉన్నవారికి తగినదో చెప్పే పట్టిక చూడండి. ఒక కాలి వైకల్యాన్ని అందులో ‘ఓఎల్’ అని రాస్తారు. కూర్చుని చేసే పనా, నిలబడాలా, నడవాలా అన్నది కూడా పక్కనే ఉంటుంది. దివ్యాంగుల గుర్తింపు కార్డు (యూడీఐడీ) తీసుకోకపోతే వెంటనే దరఖాస్తు చేయండి. ఏ పని నప్పుతుందో తేల్చుకోలేకపోతే హైదరాబాద్‌లో దివ్యాంగుల కోసం కేంద్ర కార్మిక శాఖ నడిపే జాతీయ కెరీర్ సర్వీస్ కేంద్రానికి ఒకసారి వెళ్లి రండి.

జిరాక్స్ షాపు ఇప్పుడు వద్దు. ఎప్పటికైనా పెట్టాలనుకుంటే దివ్యాంగుల ఆర్థిక సంస్థ తక్కువ వడ్డీకి ఇచ్చే రుణం అడగండి, మూడు రూపాయల వడ్డీ డబ్బుతో మాత్రం కాదు.

ఒక మాట అడుగుతాను. మిల్లు మానేసే ముందు, నా బల్లను కింది అంతస్తులో వేయండి అని యజమానిని అడిగారా? మీ ఉత్తరంలో ఆ ప్రస్తావన లేదు. రెండేళ్లు లెక్కలు తప్పు లేకుండా రాసిన మనిషి కోసం ఒక బల్ల కిందికి దించడం వారికి పెద్ద ఖర్చు కాదు. పత్తి రావడం మొదలైతే ఆదోని మిల్లులన్నిటికీ లెక్కలు రాసేవారు కావాలి. సీజను మొదలయ్యే ముందే వెళ్లి అడగండి. కాదంటే పక్క మిల్లు, అదీ కాకపోతే జీఎస్టీ లెక్కలు చూసే ఆడిటరు ఆఫీసు. పరీక్షలకు చదువుతూనే 11,000 తెచ్చుకోగలిగితే లక్షను ముట్టుకునే పనే ఉండదు.

ఈ జవాబు నాన్నగారికి చదివి వినిపించండి. వడ్డీ లెక్క ఉన్న చోట కాగితం మీద ఆయన చేతే గుణించమనండి.