ఆకు లేదు, కొమ్మ నిండా ఎర్రకాయలు: అది వింటర్‌బెర్రీయేనా?

న్యూజెర్సీలో మీ ఇంటి వెనక వాననీళ్లు నిలిచే పల్లంలో, డిసెంబరులో ఒక్క ఆకూ లేకుండా ఎర్రకాయలతో నిండిపోయిన పొద ఏమిటని అడిగారు. పాప రెండు కాయలు నోట్లో వేసుకుందని కూడా రాశారు కాబట్టి ముందు ఆ టెన్షన్ సంగతి చూద్దాం. అది వింటర్‌బెర్రీయే అయితే రెండు కాయలతో సాధారణంగా పెద్ద ప్రమాదం ఉండదు, ఎక్కువ తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి. అలాగని పొద ఏదో తేలకముందే నా మాట పట్టుకుని కూర్చోకండి. పాయిజన్ కంట్రోల్ వాళ్లకి 1-800-222-1222కి ఫోన్ చేయండి. రాత్రీపగలూ ఎత్తుతారు, డబ్బులడగరు.

ఇక పొద. మీరు చెప్పినదాన్ని బట్టి నాకు వింటర్‌బెర్రీ అనే అనిపిస్తోంది. శాస్త్రీయనామం ఐలెక్స్ వెర్టిసిల్లాటా. ఇది హోలీ జాతిదే అంటే చాలామంది నమ్మరు, ఎందుకంటే క్రిస్మస్ కార్డుల మీద కనిపించే హోలీకి ముళ్ల అంచు ఆకులు ఏడాది పొడుగునా ఉంటాయి. దీని ఆకులు మెత్తగా, సన్నటి రంపపు అంచుతో ఉండి, మంచు పడగానే నల్లబడి రాలిపోతాయి. అందుకే ‘బ్లాక్ ఆల్డర్’ అని కూడా అంటారు. గుంటూరు నుంచి వచ్చినప్పుడు మా అమ్మ దీన్ని చూసి, ‘మోదుగ పూసినట్టుందే!’ అంది.

రంగు చూసి మోసపోకండి, చలికాలంలో ఇక్కడ ఎర్రకాయల పొదలు బోలెడు. కాయ కొమ్మకి ఎలా అతుక్కుందో చూడండి. వింటర్‌బెర్రీకి కాడ ఉందా లేదా అన్నంత పొట్టిగా ఉంటుంది. కాయలు ఒకటీ రెండూ మూడుగా కొమ్మను కరుచుకుని ఉంటాయి. ఒక కాయ తెంపి వేళ్ల మధ్య తిప్పండి. బఠాణీకన్నా కాస్త చిన్నది, గుండ్రంగా, 6 మిల్లీమీటర్లు ఉంటుంది. కాడకి ఎదురు చివర పెన్ను మొన ఆనించినంత నల్లచుక్క కనిపిస్తుంది. గురివింద గింజ మచ్చలాంటిదే, కాకపోతే చాలా చిన్నది. ఆ చుక్క స్థానంలో ఎండిన కిరీటంలాంటిది ఉండి, కాయలు పొడవాటి కాడలతో గుత్తిగా ఉంటే అది రెడ్ చోక్‌బెర్రీ. అదీ ఇలాంటి తడినేలలోనే పెరుగుతుంది కాబట్టి తికమక పడేది ఎక్కువగా దాంతోనే. కొమ్మకి ముళ్లుండి, కోలకాయలు వేలాడుతుంటే బార్‌బెర్రీ. దాని బెరడు గోటితో గీరితే లోపల పసుపు కనిపిస్తుంది. పాకే తీగ అయితే బిటర్‌స్వీట్. మొగ్గలు కొమ్మకి ఎదురెదురుగా జంటగా ఉంటే హనీసకిల్ లాంటిది ఇంకేదో. వింటర్‌బెర్రీకి మొగ్గలు ఒకటి ఇటు, ఒకటి అటు వస్తాయి.

ఇంట్లో పెంచాలనుకుంటే మాత్రం నేను చేసిన తప్పు చేయకండి. వీటిలో ఆడమొక్క వేరు, మగమొక్క వేరు, మన తాటిచెట్లలో పోతుతాడు, పెంటితాడు లాగా. నేను ‘వింటర్ రెడ్’ అనే ఆడమొక్క ఒక్కటే తెచ్చి నాటాను. మూడేళ్లు ఆకులే. తర్వాత విషయం తెలిసి మగమొక్క కొన్నాను, ఆ ఏడూ కాయ లేదు! నర్సరీవాళ్లు ఇచ్చింది ‘జిమ్ డాండీ’, అది ముందు పూసే రకం. నా ఆడమొక్క మొగ్గ విప్పేసరికి దాని పువ్వులు రాలిపోయాయి. ‘వింటర్ రెడ్’కి జోడీ ‘సదరన్ జెంటిల్‌మన్’ అట. అమ్మేటప్పుడు ఒక్కమాట చెబితే వాళ్ల సొమ్మేం పోయింది? ఆ జోడీ పెట్టిన మరుసటి ఏడు, అక్టోబరులో లెక్కపెడితే సరిగ్గా పదిహేడు కాయలు. ఇప్పుడు లెక్కపెట్టే పని లేదు, పొద ఎర్రగా మండిపోతుంది.

నీళ్లు నిలిచినా దీనికి ఇబ్బంది లేదు. సున్నం ఎక్కువున్న నేల మాత్రం పడదు, ఆకులు పసుపుపచ్చగా పాలిపోతాయి. ఇంకోటి, అలంకరణకని ఆ పల్లంలోంచి కొమ్మలు విరవకండి. అలాంటి తడినేలల్ని కాపాడడానికి ఈ రాష్ట్రంలో 1987 నుంచి చట్టమే ఉంది, పైగా అవి పిట్టల తిండి. నవంబరులో పిట్టలు వీటిని పెద్దగా పట్టించుకోవు. మా ఇంట్లో అయితే ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున రాబిన్‌ల గుంపు దిగింది, నేను కాఫీ కలుపుకుని వచ్చేలోపు పొద సగం ఖాళీ.